లోపమా, ఏకశేషమా? : మేఘసందేశ గబ్బిలముల నాయకనామవిచారము

కాళిదాసమహాకవి మేఘసందేశమునఁ దన నాయకునకుఁ బేరు పెట్టలేదు. యక్షుఁ డొకఁ డని మాత్రము చెప్పి కథ నారంభించెను. గుఱ్ఱము జాషువకవి 1941వ సంవత్సరమునఁ బ్రకటించిన గబ్బిలమునందును నాయకునకుఁ బేరు లేదు. అతఁ డరుంధతీసుతుఁడు, అంతకు మించి మన మెఱుఁగము. మొదటిది సందేశకావ్యములకెల్ల మాతృక. రెండవది యా మార్గమునఁ దెలుఁగునఁ బుట్టిన కావ్యము. ఈ రెండింటను నాయకనామము లేకుండుటకుఁ గారణ మొకటియేనా, వేఱువేఱు కారణములు గలవా యనునది యిచట విచార్యాంశము. ఇది పేరులకు సంబంధించిన చిన్నవిషయముగాఁ దోఁపవచ్చును. కాని మనుష్యుఁడు సంఘమునఁ దన పేరఁ దా నుండుటకును, తనవారి పేర నుండుటకును గల భేదమును, ఆ రెండింటి యావశ్యకతయు నీ విచారమునఁ దేటపడును గావున విజ్ఞుల యెదుట నుంచుచున్నాను.

ఈ విచారమునకు నన్నుఁ బురికొల్పినవాఁ డొక విద్యార్థి. కొన్నియేండ్ల క్రిందట నొక పాఠశాలలోఁ బదవతరగతికిఁ దెలుఁగు చెప్పుచు గబ్బిలములోని కొన్ని పద్యములను బోధించితిని. సందర్భము తెలుపుటకై మేఘసందేశకథయు వివరించితిని. పాఠము ముగిసిన పిమ్మట వెనుకవరుసలోని బాలుఁ డొకఁడు లేచి, "మాస్టరుగారూ, యక్షుడికీ పేరు లేదు, ఇతనికీ పేరు లేదు. రెండూ ఒకటేనాండీ?" అని యడిగెను. సందేశకావ్యమర్యాద యట్టిదనియు, జాషువకవి కాళిదాసు ననుసరించెననియుఁ జెప్పి యతనిఁ గూర్చుండఁబెట్టితిని. ఆ యుత్తరము తప్పని నాకుఁ దెలియుటకుఁ జాలకాలము పట్టినది. ఆ బాలునిగూర్చి చెప్పవలసిన మాట మఱియొకటి గలదు. దానిని గడపటఁ జెప్పెదను.

ముందుగాఁ బూర్వపక్షమును దెలిపెదను. అచట మేఘము దూత, ఇచట గబ్బిలము దూత. అచట రామగిరినుండి యలకకు మార్గవర్ణనము. ఇచట దక్షిణదేశమునుండి యాంధ్రభూమిలోని చారిత్రకస్థలముల మీఁదుగా శివుని సన్నిధికి మార్గవర్ణనము. అచట సందేశము పంపువాఁ డనామకుఁడు, ఇచటను ననామకుఁడే. కావున నామరాహిత్యము మాతృకనుండి సంక్రమించినదే కాని దానికి వేఱు ప్రయోజనము లేదని పూర్వపక్షము. పోలిక యున్నమాట నిజమే. అయినను, ఒకే రూపముగల రెండు శబ్దము లొకే ప్రకృతినుండి పుట్టవలెనను నియమము లేదని వైయాకరణు లెఱుఁగుదురు. రూపసామ్యము వ్యుత్పత్తిసామ్యమునకుఁ బ్రమాణము గానేరదు. వ్యుత్పత్తిని బ్రత్యేకముగా విచారింపవలసినదే.

శబ్దమున కర్థము జాతియా, వ్యక్తియా యను చర్చ మన శాస్త్రమునఁ బ్రాచీనమైనది. శబ్దము జాతిని జెప్పునని వాజప్యాయనుఁడును, ద్రవ్యమును జెప్పునని వ్యాడియుఁ దలఁచిరి. జాతియే యర్థ మన్నచో, ఆవును దోలుకొని రమ్మని చెప్పినపుడు తోలుకొని రాఁదగిన దేదియు నుండదు; గోత్వమునకుఁ బలుపు గట్టి తేలేము గదా! వ్యక్తియే యర్థ మన్నచో నొక్కొక్క యావునకు నొక్కొక్క సంకేతము కావలసివచ్చి యానంత్యదోషము ప్రాప్తించును. ఒక యావునందు సంకేతితమైన శబ్దమును వేఱొక యావునకు వాడుటచే వ్యభిచారదోషమును బ్రాప్తించును. మహాభాష్యకారుఁ డీ చిక్కును విడఁదీయుచుఁ బాణినికి రెండు పక్షములును సమ్మతములే యని నిర్ణయించెను. జాతిని జెప్పునపు డేకత్వమునందు బహువచనమును వికల్పముగా విధించిన సూత్రము మొదటి పక్షమునకును, ఏకశేషమును విధించిన సూత్రము రెండవ పక్షమునకును సాక్ష్యములు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. శాస్త్రమునందలి జాతిశబ్దము లోకమునందలి కులమునకుఁ బర్యాయము గాదు. గోత్వ మే యావునకు నవమానము గలిగింపదు. లోకమునందలి సమూహనామ మట్టిది గాదు. అది కొందఱకుఁ గిరీటము, కొందఱకు సంకెల. అయినను శాస్త్రనిర్ణయము లోకమునకును దారి చూపుచున్నది. సొంతపేరు లేనివానికిఁ జేసిన మేలునకుఁ గీర్తియు, చేసిన కీడునకు బాధ్యతయు నంటవు. సమూహనామము లేనివానికిఁ గష్టకాలమున వీఁడు మావాఁడని పలుకువా రుండరు. మన ప్రాచీనకవులు కావ్యావతారికలలోఁ దమ పేరుతోపాటు తల్లిదండ్రులను, గోత్రసూత్రములను, నివాసమును, ఇష్టదైవమును జెప్పుకొనుట యిందులకే. ఈ రెండు గుఱుతులును గూడినపుడే మనుష్యుఁడు సంఘమున నిలువఁగలఁడు.

ఐతే, తనను గూర్చి తాను జెప్పుకొన్న గుఱుతు వేఱు, లోకము తగిలించిన గుఱుతు వేఱు. మొల్ల తన రామాయణమునఁ దండ్రి కేసనను, తన యూరిని, శ్రీకంఠమల్లేశ్వరుని బేర్కొనెను. లోకము మాత్ర మామెను గుమ్మర మొల్ల యనియే పిలుచుచు వచ్చినది. రెండు పలుకులును నొకామెనే చూపుచున్నవి. కాని మొదటి పలుకున నామె కర్త, రెండవ పలుకున నామె కర్మ.

గుఱుతు నడుగువాని యభిప్రాయమును బట్టి ఫలము మాఱుటకు మన గ్రంథములలో రెండుదాహరణములు గలవు. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమునఁ గర్ణుఁ డర్జునునితో ద్వంద్వయుద్ధము గోరఁగాఁ గృపాచార్యుఁడు తల్లిదండ్రులను, వంశమును జెప్పుమనెను. కర్ణుఁడు తలవంచెను. అతని యస్త్రకౌశల మంతకుముందే యెల్లరకుఁ గనఁబడియుండెను. అనఁగా వ్యక్తి యెదుటనే యున్నను రంగస్థలము జాతి నడిగినది. సుయోధనుఁ డంగరాజ్య మిచ్చి యా కొఱఁతఁ దీర్చెను. సంఘ మందఱకు నీయవలసిన గౌరవము నొక్కఁడు దానముగా నిచ్చినపుడు పుచ్చుకొన్నవాఁడు దాతకు జీవితాంతము ఋణపడును. కర్ణుని కథ యంతయు నా ఋణమునకు వ్యాఖ్యానమే.

రెండవది ఛాందోగ్యోపనిషత్తున సత్యకాముని కథ. హారిద్రుమత గౌతముఁడు బాలుని గోత్ర మడిగెను. తల్లియైన జబాల తనకుఁ దెలియదని చెప్పిన మాటనే దాఁపక చెప్పి, తాను సత్యకామ జాబాలుఁడ ననెను. గౌతముఁడు సమిధలు తెమ్మని చెప్పి యుపనయనమునకుఁ బూనుకొనెను. ప్రశ్న యొకటే, ఫలములు వేఱు. ఒకచోట నది తలుపు మూయుటకుఁ బనికివచ్చినది. మఱియొకచోటఁ దలుపు తెఱచుటకుఁ బనికివచ్చినది. కావున నీ వెవరివాఁడ వని యడుగుట తనంతటఁ దాను దోషము గాదు. ఉత్తరము విన్న పిమ్మట నడిగినవాఁ డేమి చేయు ననునదే విచార్యము.

కర్ణుని విషయమున వైయాకరణులకుఁ బ్రీతికరమైన యంశ మొకటి గలదు. రాధేయశబ్దమును, కౌంతేయశబ్దమును స్త్రీప్రత్యయాంతములమీఁద వచ్చు ఢక్ప్రత్యయముచేతనే సిద్ధించినవి. ప్రక్రియలో నించుకయు భేదము లేదు. ఒక పేరు లోకప్రసిద్ధము, రెండవది గూఢము. ఉద్యోగపర్వమునఁ గృష్ణుఁడు రహస్యమును దెలిపి పాండవులలోఁ జేరుమని పిలువఁగాఁ గర్ణుఁ డంగీకరింపలేదు. తనకు జాతకర్మాదులు చేయించి, వసుసేనుఁ డని పేరు పెట్టించినవాఁ డధిరథుఁ డనియు, పాలిచ్చి పెంచినది రాధ యనియుఁ గారణము చెప్పెను. పేరు పెట్టినవారివాఁడను నేను, కని విడిచినవారివాఁడను గా నని యతని నిశ్చయము. సమూహనామము రక్తమువలననే కాక ప్రేమవలనను గలుగునని భారతము చెప్పుచున్నది.

ఇఁక మేఘసందేశమునకు వత్తము. యక్షుఁడు తన యధికారమునఁ బ్రమత్తుఁడై కుబేరునిచే శపింపఁబడి సంవత్సరకాలము రామగిరియం దుండెను. మేఘమును బలుకరించుచు నతఁడు ముందుగాఁ జెప్పిన దేమి? పుష్కరావర్తకముల వంశమునఁ బుట్టితివనియు, ఇంద్రునియొద్ద ముఖ్యపురుషుఁడ వనియుఁ జెప్పెను. ధూమము, తేజస్సు, నీరు, వాయువు కలసిన జడపదార్థమును సైత మతఁడు వంశముతోడను, స్వపదవితోడను గుర్తించి మన్నించెను. ఒకని నాదరించుటకు నీ రెండును గావలెనని కాళిదాసునకుఁ దెలియును.

మఱి తన గుఱుతుల నెట్లు చెప్పెను? అలకలోఁ గుబేరుని మందిరమున కుత్తరముగాఁ దన యిల్లున్నదనెను. ఇంద్రధనుస్సువలె నుండు తోరణమును, ప్రియురాలు కొడుకువలెఁ బెంచిన బాలమందారమును, ద్వారపార్శ్వములందు వ్రాయఁబడిన శంఖపద్మములను జెప్పెను. సందేశము తుదను మఱియొక గుఱుతు నిచ్చెను. ఒకనాఁటి రాత్రి యామె నిద్రలో నేడ్చుచు మేల్కొని, పలుమా ఱడుగఁగా లోలోన నవ్వుకొని, నీ వితరస్త్రీతోఁ గ్రీడించుచున్నట్లు కలఁ గంటి ననినదఁట. ఈ ముచ్చట యిరువురకుఁ దక్క నన్యులకుఁ దెలియదు. లోకమున నింతకు మించిన వ్యక్తిగుఱుతు లేదు. పేరు పదిమందికి నుండవచ్చును. ఈ జ్ఞాపకము మాత్ర మొక్కనిదే. యక్షుఁ డనామకుఁ డగుట పాఠకునకే. ఆ యింటిలో నతఁ డనామకుఁడు గాఁడు.

శాస్త్రమున లోప మనఁగా నదర్శనము. కనఁబడకుండుటయే కాని లేకుండుట గాదు. ప్రత్యయము లోపించినను దానివలనఁ గలుగవలసిన కార్యము కలుగునని పాణినీయము. అగ్నిచిత్తను రూపమునఁ గ్విప్ప్రత్యయ మంతయు లోపించినను, దానిని నిమిత్తముగాఁ గొన్న తుగాగమము నిలిచియే యున్నది గదా! యక్షుని నామ మట్టిది. పేరు లోపించినది, పేరువలని కార్యములు, అనఁగా నిల్లు, ప్రియురాలు, జ్ఞాపకము, తిరిగి చేరుకొను నాశ, అన్నియు నిలిచినవి. శాపావధి తీఱి యలకకుఁ బోవఁగానే యా పేరతనికి మఱల లభించును.

గబ్బిలమునందలి నాయకుని స్థితి యిట్టిది గాదు. అతఁడు చెప్పులు కుట్టి దేశసేవ చేయువాఁడు. ఆఁకలిగొన్న దరిద్రుఁడు. రాత్రివేళ గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతోఁ దన గోడు చెప్పుకొనును. గబ్బిలమునే యేల యెన్నుకొనెను? అది గుడిలోనికిఁ బోఁగలదు, గర్భాలయపుఁ గప్పునుండి వ్రేలాడఁగలదు, పూజారి లేని సమయమున శివుని చెవిలోఁ జెప్పఁగలదు. అతనికి మాత్రము గుడిలోఁ బ్రవేశము లేదు. మేఘము దూతయగుట దాని వేగమునుబట్టి. గబ్బిలము దూతయగుట దాని కున్న ప్రవేశాధికారమునుబట్టి. ఇచటనే రెండు కావ్యముల మార్గములు వేఱైనవి.

కాలమును జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. తిరువాన్కూరు సంస్థానమున నాలయప్రవేశప్రకటనము 1936లో వెలువడినది. మధుర మీనాక్షీదేవి యాలయప్రవేశము 1939లో జరిగినది. మదరాసు రాష్ట్రమున నాలయప్రవేశశాసనము 1947లోఁ గలిగినది. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగము 1950 జనవరి 26వ తేది నమలులోనికి వచ్చినది. గబ్బిల మీ సంవత్సరముల నడుమఁ బుట్టినది. అనఁగాఁ గవి కల్పించినది యలకవంటి లోకము గాదు. పాఠకుఁడు కావ్యము చేతఁబట్టి చదువుచుండఁగనే యతని యూరి గుడిముందు జరుగుచున్న వ్యవహార మది.

ఈ నాయకునకు శంఖపద్మములు వ్రాసిన ద్వారము లేదు. అతనినిఁ జూచి ఫలానివాఁడని మన్నించు వీధి లేదు. సంఘ మతనిని దూరమున నుంచుటకుఁ గావలసినంత గుఱుతు, అనఁగా గుంపుపేరు, తీసికొని యంతటితోఁ దృప్తిపడినది. అతనికిఁ దల్లి పెట్టిన పేరుండియే యుండును. ఆ పేరు నడుగవలసిన యక్కఱ యెవరికినిఁ గలుగలేదు. కవి యీ స్థితిని మార్చి, యందమైన పేరొకటి పెట్టి యుండవచ్చును. అట్లు చేసినచోఁ బాఠకుఁడు, పాపము, ఆ యొక్కనికిఁ గష్టము వచ్చినదని జాలిపడి పుస్తకము మూయును. కవి యా యవకాశము నీయలేదు.

దీనినే నేను ఏకశేష మనుచున్నాను. రాముఁ డను పేరుగల ముగ్గురను గూర్చి చెప్పవలసినపుడు మూఁడు రామశబ్దము లుండనక్కఱలేదు. ఒకటి మిగిలి బహువచనమును బొందును. మిగిలిన యా శబ్దము లోపించినవాని యర్థమును గూడ మోయునని సంప్రదాయము. అరుంధతీసుతుఁ డట్లు మిగిలిన యొక్కఁడు. తక్కినవారి మాట లెవరును వ్రాసి పెట్టలేదు. వారందఱి యర్థమును మోయుటకుఁ గావ్యమున నొక్క శబ్దము నిలిచినది. కావున యక్షునిది లోపము, అరుంధతీసుతునిది యేకశేషము. పేరు కనఁబడకుండుట రెండింటను సమానమే, ప్రక్రియలు వేఱు. ఇది నా సిద్ధాంతము.

ఇట నొక శంక. ఏకశేషమునఁ బెక్కండ్రను జెప్పు శబ్దము వ్యక్తిని మ్రింగివేయదా? గబ్బిలమున నట్లు జరుగలేదు. నాయకునకుఁ బేరు లేకున్నను గంఠము గలదు. అతఁ డేడ్చును, ఎత్తిపొడుచును, తర్కించును, దేవునిగూర్చి సంశయించును, మరల నా దేవునికే వార్త పంపును. గబ్బిలమునకు మార్గము చెప్పునపు డాంధ్రభూమిలోని కోటలను, క్షేత్రములను, శిథిలములను దనవిగాఁ జెప్పుకొని గర్వించును, దుఃఖించును. ఈ దేశచరిత్ర యతనిని దనవాని ననలేదు. అతఁడు మాత్రము దేశచరిత్రను దనది యనెను. కావ్యమంతటను నాకు మిక్కిలి గంభీరముగాఁ దోఁచిన స్థల మిది. తనను వెలియుంచిన సమూహమును వెలివేయక, అందుఁ దనపాలు తన కిమ్మని యడుగుట సామాన్యమైన మనస్సునకు సాధ్యము గాదు.

దోషమును జెప్పకుండుట విమర్శకధర్మము గాదు. మార్గవర్ణనమునఁ గొన్నిచోట్ల నాయకుని కంఠ మడఁగి కవికంఠమే వినఁబడును. ఆ చారిత్రకపరిజ్ఞానము, ఆ సమాసప్రౌఢి యుభయభాషాప్రవీణుఁడైన జాషువవి కాని, విద్య కందనివానిగాఁ జిత్రింపఁబడిన నాయకునివి గావు. ఔచిత్యదృష్టితోఁ జూచువారి కిది కొఱఁతయే. అయిన నేకశేషము సరూపములకే విధింపఁబడినదని మఱువరాదు. వినుకొండలో 1895లోఁ బుట్టి, తెలుఁగుపండితుఁడై జీవించి, యదే యవమానమును స్వయముగా ననుభవించిన కవియు లోపించిన శబ్దములలో నొకఁడు. మిగిలిన శబ్ద మతని యర్థమును గూడ మోయుచున్నది. కావున నా కంఠసంకరమును నేను క్షమింపఁగలను, కాని లేదని చెప్పఁజాలను.

అరుంధతీసుతుఁ డను పేరును గొంచెము విచారింతము. ఆ సమూహము నితరులు పిలుచు తిరస్కారవాచకములు కవికిఁ దెలియనివి గావు. వానిని విడిచి, యా సమూహమువారు తమకుఁ దాము చెప్పుకొను నరుంధతీసంబంధమునే గ్రహించెను. అరుంధతి వసిష్ఠుని యిల్లాలు. మన వివాహములలో వధూవరులకు నరుంధతీదర్శనము చేయించుట యాచారము. ఏ యింటనైనఁ గొత్తకాపురము సుఖముగా సాగవలెనన్న నామెకు మ్రొక్కవలెను. సుతశబ్దము నిత్యసాకాంక్షము, ఎవరి సుతుఁ డన్న ప్రశ్నకు నుత్తరము లేక యది నిలువదు. తల్లిని నక్షత్రముగాఁ జూపి మ్రొక్కించుచు, కొడుకును వాకిట నిలుపు సంఘమునకు నా సమాస మొక్కటే చాలినంత యుత్తరము. కవి వాదింపలేదు, షష్ఠీతత్పురుష మొకటి చేసి యూరకుండెను.

ఈ నామగ్రహణము కవి యొక్కని యూహయే గాదు. అప్పటికి లోకమునను బేరులనుగూర్చి పోరాటము జరుగుచుండెను. 1917వ సంవత్సరమున బెజవాడలోఁ బంచమమహాజనసభ కూడినపుడు, అధ్యక్షుఁడైన భాగ్యరెడ్డివర్మ (1888–1939) పంచమశబ్దమును నిరాకరించెను. ఆది ఆంధ్రులను పేరు స్వీకరింపఁబడినది. 1931నాఁటి జనాభాలెక్కలలోనికి నా పేరు వచ్చినది. వైయాకరణదృష్టితోఁ జూచిన నీ నిరాకరణము యుక్తతరము. పంచమశబ్దము పూరణప్రత్యయాంతము, ఐదింటిలోఁ గడపటిదానినిఁ జెప్పును. నలుగురను లెక్కించిన పిమ్మట మిగిలినవానికిఁ దగిలించిన సంఖ్యయే కాని యది పేరు గాదు. ఆదిశబ్ద మా లెక్కనే తలక్రిందులు చేసినది. ఇట్టి మార్పులవలనఁ గూడు దొరకునా యని వెక్కిరించువారు గలరు. పేరువలననే గుడివాకిలి మూయఁబడినపుడు, పేరువలననే దానిని దట్టుట వెఱ్ఱితనము గాదు.

కొందఱు పెద్దలు సమూహనామముల నన్నింటిని విడిచిపెట్టి మనుష్యనామముతోనే యుందమందురు. వారి సదుద్దేశమును శంకింపను. కాని ప్రత్యయలోపమున ప్రత్యయకార్య ముండునని పైని జెప్పితిని. గౌరవనీయమైన సమూహమునఁ బుట్టినవాఁడు తన పేరుతుది నున్న కులచిహ్నమును దీసివేసినను, దానివలని యిల్లు, చుట్టఱికము, పలుకుబడి నిలిచియే యుండును. అతనికిఁ బోయినది రెండక్షరములు. అవమానితమైన సమూహమునఁ బుట్టినవానికట్లు గాదు. పేరు తీసివేసినను నవమానము నిలుచును. తమకు జరిగినది తమ యందఱకు జరిగినదని చెప్పుకొను సాధనము మాత్రము పోవును. అన్యాయము గుంపునకుఁ జేసి, ఫిర్యాదు నొక్కొక్కనినే చేయు మనుట న్యాయము గాదు.

మఱికొందఱు సమూహనామమే చాలు నందురు. ఇదియుఁ బొరపాటే. జాషువవిషయముననే దీనిని జూడవచ్చును. ఆయనను దన సమూహమునకు మాత్రమే కవిగాఁ జెప్పువారు, మెచ్చుకొనుచున్నట్లుండియు నాయనను మరల వాకిటనే నిలుపుచున్నారు. 1932లో ఫిరదౌసిని వ్రాసినవాఁ డాయనయే. క్రీస్తుచరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినవాఁడును నాయనయే. పద్యము నడపుటలో నాయన లాఘవము, తెలుఁగుపలుకు నెక్కడ నిలుపవలెనో యెఱిఁగిన నేర్పు ప్రత్యేకముగా విచారింపఁదగినవి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగా రాయన కాలికి స్వయముగా గండపెండేరము తొడిగినపుడు సత్కరించినది గుంపును గాదు, ఆ కవిని. ఆ కవిని సత్కరించుటవలన నాతని సమూహమునకును గౌరవము గలిగినది. వ్యక్తిద్వారమున జాతికిని, జాతిద్వారమున వ్యక్తికిని గౌరవము ప్రసరింపవలెను. పాణిని రెండు పక్షముల నంగీకరించుటలోని వివేక మిదియే.

ఇఁక నా విద్యార్థి మాట. అతఁడు ప్రశ్న యడిగిననాఁటికిఁ బాఠశాల తెఱచి యాఱునెలలైనది. నాకతని పేరు తెలియదు. ఆ పాఠశాలలో సర్కారువారి విద్యార్థివేతనముల కాగితములు నింపు పని నాకప్పగింపఁబడియుండెను. నెలకొకమాఱు తరగతిలోనికిఁ బోయి, "స్కాలర్‌షిప్పు పిల్లలు లేవండి" అనువాఁడను. వారు లేచువారు. నేను తలలు లెక్కించుకొని కూర్చుండు మనువాఁడను. తక్కినవారిని బేరులతోఁ బిలుచువాఁడను. ఆ బాలుఁడు లేచి నిలుచువారిలో నొకఁడు. పేరు లేకుండుట రెండుచోట్లను నొకటేనా యని యతఁడు నన్నడిగినది కావ్యమునుగూర్చి మాత్రమే యనుకొంటిని.

వేతన మిచ్చుటకు సమూహగణన మవసరమే. అది లేనిచో నా బాలునకుఁ బుస్తకములే లేవు. ఆ గణనమును నేను నిందింపను. లెక్కించిన పిమ్మట నొక్కొక్కనిఁ బేరు పెట్టి పిలువకుండుట నా తప్పు. కృపునివలె నడిగితిని గాని గౌతమునివలె నడుగలేదు. ఆ మఱునాఁడు పట్టిక తెఱచి యతని పేరు తెలిసికొని పిలిచితిని. అప్పుడును బ్రశ్నకుఁ దగిన యుత్తర మీయలేకపోయితిని. ఈ వ్యాస మా యుత్తరము.

గబ్బిలమును బోధించు నుపాధ్యాయసోదరులకు విన్నపము. మేఘసందేశముతోడి పోలికలను పట్టికగా వ్రాయించుటతోఁ బాఠమును ముగింపకుఁడు. ఒక నాయకుని పేరు కనఁబడకుండుటకును, మఱియొకని పేరు నెవరు నడుగకుండుటకును గల భేదమును జెప్పుఁడు. చెప్పుటకు ముందు పట్టిక యొకమాఱు తెఱచి, వెనుకవరుసలోనివారి పేరులు తెలియునో తెలియవో చూచుకొనుఁడు. నా సిద్ధాంతమున శాస్త్రవిరుద్ధ మేదైన నుండిన విజ్ఞులు సవరింతురు గాక.